మూడు వందల పదిహేడో నంబరు దీపం

కొమురెల్లిది ల్యాంపు రూములో డ్యూటీ. గనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు అతని కిటికీ దగ్గరికి రావాలి, తన నంబరు చెప్పాలి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక దాన్ని మళ్లీ అక్కడే అప్పగించాలి. ఏ నంబరు కింద జాగా ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఈ ఏర్పాటులో దేవుడికీ దయ్యానికీ చోటు లేదు. దీపం లేకుండా మనిషి లోపలికి పోడు, మనిషి లేకుండా దీపం పోదు. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్న కొమురెల్లి, అందులో పదేళ్లు ప్రార్థనా మందిరంలో మనిషి లేని దీపం గురించి సాక్ష్యం చెబుతూ వచ్చాడు.

సాక్ష్యం అంటే ఆరాధన మధ్యలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు నలుగురికీ చెప్పడం. గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టకు ఇవతల, రేకుల షెడ్డులో నడిచే జీవజల మందిరంలో ప్రతి ఆదివారం ముగ్గురో నలుగురో లేస్తారు. జ్వరం తగ్గిందని ఒకరు, మొగుడు తాగుడు మానాడని ఒకరు. మానిన మొగుడు మళ్లీ మొదలుపెడితే ఆ సాక్ష్యం మళ్లీ వినపడదు. కొమురెల్లిది అలాంటి చిన్న సాక్ష్యం కాదు. బండ కింద పడి బతికిన మనిషి. మందిరానికి కొత్త ముఖం వచ్చినా, పక్క ఊరి పాస్టర్లు వచ్చినా, ముందు అతన్నే లేపేవారు.

"బండ పడ్డది. నా దీపం పగిలింది. నడుము దాంక బొగ్గుల కూరుకపోయిన. ఏమి కనవడ్తలేదు. ప్రభువా అన్న. అప్పుడు ఒక వెలుగు వచ్చింది. నా దిక్కే వచ్చింది. నన్ను పట్టి బయటికి గుంజింది."

అక్కడ ఆగేవాడు. హల్లెలూయా అని షెడ్డు దద్దరిల్లేది.

ఆ వెలుగు నంబరు మూడు వందల పదిహేడు. దాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చినవాడు లింగమూర్తి. గనిలో కప్పు కూలకుండా కింద దిమ్మెలు, స్తంభాలు నిలబెట్టే సపోర్టు పని అతనిది. ఆ రోజు కప్పు నుంచి పెళ్లలు రాలుతుంటే అందరూ వెనక్కి ఉరికారు. అతనూ ఉరికాడు. మలుపు దగ్గర తలలు లెక్కపెట్టుకున్నారు, ఒకటి తగ్గింది. కొమురెల్లి లేడు. లింగమూర్తి ఒక్కడే తిరిగి పోయాడు. గంటన్నర సేపు చేతులతో బొగ్గు తోడాడు. రెండోసారి బండ జారినప్పుడు అడ్డం పెట్టిన దిమ్మె కింద అతని ఎడమ చెయ్యి ఇరుక్కుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు అక్కడే పోయాయి. మిగిలిన చేత్తోనే తోడాడు. కొమురెల్లికి స్పృహ తప్పకుండా తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లలో అచ్చుకు తగ్గది ఒకటే ఉంది: "నువ్వు సచ్చిపోతే నీ డబ్బల పచ్చిపులుసు ఎవడు తాగాల్రా? లే."

వాళ్లిద్దరూ పదేళ్లు లోపల ఒకే అన్నం డబ్బాలో తిన్నారు. గనిలో కులం ఉండదని పైన కూర్చుని వ్యాసాలు రాసేవాళ్లు అంటారు. ఉంటుంది. కొమురెల్లి దళితుడు, లింగమూర్తి గొల్లాయన. ఒకే డబ్బాలో చెయ్యి పెట్టడానికి వాళ్లకు రెండేళ్లు పట్టింది. మొదట చెయ్యి పెట్టింది లింగమూర్తి.

కొమురెల్లి మూడు నెలలు దవాఖానలో ఉన్నాడు, బయటికొచ్చాక ల్యాంపు రూము పనిలో వేశారు. అతని భార్య జమున అప్పటికే మందిరానికి పోతోంది. బతికితే ఇద్దరమూ నీ వాళ్లమే అని దేవుడికి మాటిచ్చింది. అతను బతికాడు. క్రిస్మస్ ముందు గోదావరిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు, జీవరత్నం అనే పేరు పెట్టించుకున్నాడు. తాగుడు నిజంగానే మానాడు. జమున బొట్టు, పుస్తెలు తీసేసి తెల్లచీర కట్టింది. ఇంట్లో టీవీ అమ్మేశారు. కూతురు దీప బతుకమ్మ ఆడటం మానేసింది. ప్రసాదం ముట్టరాదు, జాతరకు పోరాదు. ఆ మందిరంలో ఇవన్నీ గట్టి నియమాలు. వాటి వల్ల ఆ ఇల్లు బాగుపడిందన్నదీ కాదనలేని మాట.

మొదటిసారి సాక్ష్యం చెప్పినప్పుడు కొమురెల్లి లింగమూర్తి పేరు చెప్పాడు. వేళ్ల సంగతీ, తిట్ల సంగతీ కూడా చెప్పబోతే నవ్వులు లేచాయి. తర్వాత ఆశీర్వాదం అనే ఆ మందిరం పాస్టరు అతన్ని పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: "బ్రదర్, మనిషి పేరు తక్కువ చెప్పు. దేవుని పేరు ఎక్కువ చెప్పు. మహిమ ఎవరికి పోవాలె?" రెండోసారి లింగమూర్తి 'మా గనిల ఒకాయన' అయ్యాడు. ఆ ఏడాది చివరికి 'తోటి కార్మికుడు' అయ్యాడు. రెండేళ్లు గడిచేసరికి మనిషి పోయి వెలుగు మిగిలింది. ఒక్కసారిగా ఎవరైనా అబద్ధం చెప్పమంటే కొమురెల్లి చెప్పేవాడు కాదు. అతన్ని ఎవరూ అలా అడగలేదు.

ఆ మొదటి ఏడాదే ఇంకొకటి జరిగింది. దవాఖాన మంచం దగ్గర తగిలించిన కాగితం మీద కొమురెల్లి బరువు యాభై ఎనిమిది కిలోలని రాసి ఉంది. లింగమూర్తి అది చూసి గుర్తుపెట్టుకున్నాడు. ఫిబ్రవరిలో మేడారం పోయి, సమ్మక్క సారలమ్మలకు యాభై ఎనిమిది కిలోల బెల్లం సమర్పించాడు. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. ఎవరి కోసం మొక్కుకుంటే ఆ మనిషి ఎత్తు, అంటే బరువంత, బంగారం ఇవ్వాలి. తిరిగొచ్చి, పసుపు అంటిన బెల్లం ముద్ద ఒకటి బట్టలో కట్టి కొమురెల్లికి ఇచ్చాడు. "నీ ఎత్తురా ఇది," అన్నాడు. కొమురెల్లి రెండు చేతులతో తీసుకున్నాడు. లింగమూర్తి వీధి మలుపు తిరగగానే జమున ఆ ముద్దను పక్కింటి రాజం కాక మేకల ముందు పెట్టింది. కొమురెల్లి చూస్తూ నిలబడ్డాడు. మేకలకు బెల్లం చాలా నచ్చింది.

*

ఈ చలికాలంలో నగరపాలక ఎన్నికలు వచ్చాయి. లింగమూర్తి రిటైరై మూడేళ్లయింది. వాడలో నల్లాలు రాకపోయినా, డ్రైనేజీ పొంగినా కార్పొరేషన్ ఆఫీసుకు పోయి కూర్చునేది అతనే. మందిరానికి నల్లా కనెక్షన్ వచ్చిందీ అతని తిరుగుడు వల్లనే. స్వతంత్ర అభ్యర్థిగా కుట్టుమిషను గుర్తు మీద నిలబడ్డాడు. అవతల వీరేందర్, కాంట్రాక్టరు. పెద్ద పార్టీ టికెట్టు తెచ్చుకున్నాడు.

వీరేందర్ క్రైస్తవుడు కాదు. కాని క్రిస్మస్‌కు వచ్చి కేకు కోశాడు, శాలువా కప్పించుకున్నాడు, షెడ్డు ఉన్న జాగాకు పట్టా ఇప్పిస్తానన్నాడు. అది కంపెనీ జాగా. ఖాళీ చెయ్యమని అప్పటికే ఎస్టేట్ ఆఫీసు నుంచి నోటీసు ఉంది. ఆశీర్వాదం పాస్టరుకు భయం ఉంది, ఆ భయం అబద్ధం కాదు. ఏడాది కింద అతని స్నేహితుడైన ఇంకో పాస్టరును ఒక ఊళ్లో కొట్టారు, మైకు పగలగొట్టారు. నాటి నుంచి ఆశీర్వాదం కాషాయ రంగు కనపడితే ముందు తలుపు చూసుకుంటాడు.

లింగమూర్తి ప్రతి ఏడూ ఆంజనేయ మాల వేస్తాడు. హనుమాన్ జయంతి ఊరేగింపులో కాషాయ లుంగీ కట్టుకుని ఉన్న అతని ఫోటో ఒకటి మందిరం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద రాశారు: 'ఇతను గెలిస్తే మన మందిరం ఉండదు. ప్రార్థించండి.' వీరేందర్ గణేశ్ మండపంలో లడ్డూ వేలంపాట పాడిన ఫోటో ఊళ్లో ప్రతి గోడకూ ఉంది. దాన్ని ఎవరూ గ్రూపులో పెట్టలేదు.

భయానికి ఇంకో కొస కూడా ఉంది. కాగితాల మీద కొమురెల్లి ఇప్పటికీ కొమురెల్లే. కంపెనీ రికార్డులోనూ, దీప కుల ధ్రువపత్రంలోనూ హిందూ ఎస్సీ. మందిరం రిజిస్టరులో జీవరత్నం. క్రైస్తవంలోకి మారిన ఎస్సీ కాగితం మీద ఎస్సీగా ఉండడానికి లేదు, బీసీ-సీ అవుతాడు. ఆ వాడలో సగం ఇళ్లు ఇలా రెండు పేర్ల మధ్య కాపురం చేస్తున్నాయి. దీప ఎస్సీ కోటాలో గురుకుల టీచరు పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తోంది. 'లింగమూర్తి గెలిస్తే మన సర్టిఫికెట్ల మీద ఫిర్యాదు పెడతాడు' అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. అందరూ నమ్మారు.

గ్రూపులో ఆ ఫోటో చూసినప్పుడు కొమురెల్లి ఒక వాక్యం టైపు చేశాడు. చెరిపేశాడు. అప్పటికే అందరూ దండం బొమ్మలు పెట్టి ఉన్నారు. అతనూ ఒకటి పెట్టాడు.

పోలింగుకు ఆరు రోజుల ముందు, గురువారం సాయంత్రం, లింగమూర్తి వచ్చాడు. కొమురెల్లి క్వార్టరు గుమ్మం బయట చెప్పులు విడిచి, తలుపు మీద మూడు వేళ్ల చెయ్యితో తట్టాడు.

"ఏందిరా జీవరత్నం, లోపలికి రావొచ్చా? బొట్టు తుడుసుకొని రావాల్నా?"

"నువ్వు గట్లనే అంటవ్. రా అన్న."

దీప కుర్చీ వేసింది. "పెద్దబాపు, చాయ్ తాగుతవా?"

"తాగుత బిడ్డా. చక్కెర తక్కువ. ఓట్లు అడుక్కునే చాయ్‌లకే షుగర్ వచ్చేటట్టున్నది." కొమురెల్లి వైపు తిరిగాడు. "మీ గ్రూపుల నా ఫోటో తిరుగుతున్నదట."

"ఎవలో పెట్టిండ్రు."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"ఆనాడు నేను మజ్జిగ పోస్తున్న గదరా. ఐసుగడ్డ ఎవలు తెచ్చిండ్రు?"

ఐసుగడ్డ తెచ్చింది కొమురెల్లే. సైకిలు మీద గోనెసంచిలో కట్టి తెచ్చి, జమునకు తెలుస్తుందని వెనక సందులో దించిపోయాడు.

"ఫోటోల ఐసుగడ్డ పడలేదు తియ్," అన్నాడు లింగమూర్తి. "సంగతేందంటే, ఆదివారం వీరేందర్‌ను మీ మందిరానికి పిలిచిండ్రట. నన్నెవ్వలు పిలువలే. నేనే వస్త, ఎనుక కూసుంట. నువ్వు ఒక్క ముచ్చట చెప్పాలె. ఓటెయ్యమని చెప్పకు. లింగమూర్తి మందిరం కూలగొట్టేటోడు కాదు, పన్నెండేండ్ల నుంచి మన కాగితాల సంగతి ఎర్కున్నా ఎవ్వలకు చెప్పలే, గంతే చెప్పు. నీ మాటైతే ఇంటరు."

"చెప్త."

"మైకుల?"

"చెప్తనన్న గదనే."

లింగమూర్తి చాయ్ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి పోయాడు. అతను పోయేదాకా వంటగదిలోనే ఉన్న జమున అప్పుడు బయటికి వచ్చింది.

"మైకుల ఆయన పేరెత్తుతవా?"

"ఒక్క ముచ్చటనే."

"రేపు దీప పెండ్లి ఎవలు చెయ్యాలె? అయ్యగారు. మనం సస్తే ఎవలు పెట్టాలె? అయ్యగారు. సమాధుల జాగ గూడ మందిరం పేరు మీదనే ఉన్నది. ఎటు పోదామనుకుంటున్నవ్?"

"పెద్దబాపు అంత చేసిండు గదా," అంది దీప.

"చేసిండు. ఆయనకు రోజు ప్రార్థన చేస్త. పేరెందుకు ఎత్తాలె?"

జమున మాటలో మోసం లేదు. నిజంగానే చేసేది. రోజూ పొద్దున ఐదింటికి మోకాళ్ల మీద లింగమూర్తి రక్షణ కోసం ఏడ్చేది. అతని వేళ్లు పోయిన సంగతి కన్నా అతను నరకానికి పోతాడన్న సంగతి ఆమెను ఎక్కువ బాధపెట్టేది.

*

ఆదివారం షెడ్డు నిండింది. ముందు వరుసలో వీరేందర్, అతని మనుషులు నలుగురు, తెల్ల చొక్కాల్లో. చిట్టచివర, స్త్రీలు చెప్పులు విడిచే చోట ప్లాస్టిక్ కుర్చీలో లింగమూర్తి. ఎవరూ అతన్ని పొమ్మనలేదు. పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు కూడా.

పాస్టరు సుమారు గంటసేపు వాక్యం చెప్పాడు. తర్వాత వీరేందర్‌తో రెండు మాటలు మాట్లాడించాడు. వీరేందర్ మూడుసార్లు 'ప్రైజ్ ద లార్డ్' అన్నాడు. మూడోసారికి పలకడం కొంచెం కుదిరింది. అప్పుడు పాస్టరు అన్నాడు: "మన బ్రదర్ జీవరత్నం సాక్ష్యం విందాము."

కొమురెల్లి లేచాడు. మైకు పట్టుకున్నాడు. వందసార్లు చెప్పిన మాటలు వాటంతట అవే వచ్చాయి. బండ పడ్డది. దీపం పగిలింది. నడుము దాంక బొగ్గు. వెలుగు అనే మాట దగ్గరికి వచ్చేసరికి చివరి కుర్చీ కనిపించింది. లింగమూర్తి కాలు మీద కాలు వేసుకుని, ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, శ్రద్ధగా వింటున్నాడు. ఈ సాక్ష్యం అతను వినడం అదే మొదటిసారి.

"ఒక వెలుగు వచ్చింది," అన్నాడు కొమురెల్లి. ఆగాడు. షెడ్డు ఎదురుచూసింది.

ఆ ఆగడం చూసి పాస్టరు దాన్ని భక్తి అనుకున్నాడో, ప్రమాదమని పసిగట్టాడో చెప్పలేం. ముందుకు వంగి తన మైకులో అడిగాడు:

"బ్రదర్, ఆ చీకట్లో నీకు ఏ మనిషన్న కనవడ్డడా?"

అడిగిన తీరులోనే జవాబు ఉంది. నూట అరవై మంది ఆ జవాబు కోసం పెదవులు తెరిచి ఉన్నారు. జమున కళ్లు మూసుకుని ఉంది. వీరేందర్ ఫోను చూసుకుంటున్నాడు.

"లేదయ్యగారు," అన్నాడు కొమురెల్లి. "ఎవ్వలు లేరు."

హల్లెలూయా రేకులకు తగిలింది.

లింగమూర్తి లేచి, తాను కూర్చున్న కుర్చీని ఎత్తి, గోడవారన పేర్చిన కుర్చీల మీద చప్పుడు కాకుండా పెట్టి, చెప్పులు వెతుక్కుని బయటికి పోయాడు. కొమురెల్లి ఇంకా మైకు పట్టుకునే ఉన్నాడు. ఆ ఒక్క ముచ్చట అప్పటికీ చెప్పొచ్చు. మైకు పాస్టరుకు అందించాడు.

పోలింగు రోజు స్కూల్లో అట్ట గూటి వెనక నిలబడి అతను కుట్టుమిషను మీద ముద్ర గుద్దాడు. బయట ఎవరికీ చెప్పలేదు. దాచుకున్న ఓటు అతనికి ధైర్యంలా అనిపించిందట, బూత్ మెట్లు దిగేదాకా.

లింగమూర్తి ముప్పై ఎనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మందిరం నుంచి వీరేందర్‌కు ఎన్ని ఓట్లు పడ్డాయో వాడలో పసిపిల్లలకూ తెలుసు.

*

పోలింగు మర్నాటి నుంచి ల్యాంపు రూములో కొమురెల్లికి ఒక ఇబ్బంది మొదలైంది. మూడు వందల పదిహేడో నంబరు ఇప్పుడు కొమ్ముల ఆగయ్యది. లింగమూర్తి రిటైరయ్యాక అతనికి ఇచ్చారు. ఫస్టు షిఫ్టులో ఆగయ్య కిటికీ దగ్గరికి వచ్చి "మూడు పదిహేడు" అంటాడు. ఆ దీపం తీసి ఇవ్వడానికి కొమురెల్లి చెయ్యి లేవడం లేదు.

"ఏం కాక, ఛార్జింగ్ కాలేదా?"

"అయింది."

"మరి ఇయ్యి. నా దీపం మీద నీకు కన్ను పడ్డదా ఏంది?"

పది రోజులు ఇలా గడిచాయి. రెండో ఆదివారం సాక్ష్యాల వేళ, పాస్టరు పిలవకముందే కొమురెల్లి లేచాడు.

"ఆనాడు నేను అబద్ధం చెప్పిన. ఆ వెలుగుకు నంబరున్నది. మూడు వందల పదిహేడు. లింగమూర్తన్న దీపం అది. ఆయన రెండు వేళ్లు నా కోసం పోయినయి. మీ అందరి ముందట ఎవ్వలు లేరన్న. ఆయన ఎనుక కూసోనే ఉన్నడు. మన మందిరం గురించి ఆయన మంచినే కోరిండు. గది చెప్తనని మాటిచ్చి చెప్పలే. ఆయన ఓడిపోయిండు. నా తప్పు గూడ ఉన్నది అండ్ల."

కూర్చోలేదు. ఏదో ఒకటి జరగాలని నిలబడ్డాడు. కోపమో, గొణుగుడో, వెలివేతో. జమున కొంగు నోట్లో కుక్కుకుంది.

పాస్టరు ఆశీర్వాదం మెల్లగా నడిచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. మైకు తీసుకున్నాడు.

"చూడండి ప్రియులారా. దేవుడు అన్యుని చేతిల దీపాన్ని గూడ తన బిడ్డ కోసం వాడుకున్నడు. స్తోత్రం. నంబరుతో సహా ముందే రాసి పెట్టిండు. హల్లెలూయా."

హల్లెలూయా అంది షెడ్డు. ఒకామె ఏడ్చింది. ఎన్నికల మాట, ఓడిపోయిన మాట, ఎవ్వలు లేరన్న మాట ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఆరాధన అయ్యాక ముగ్గురు వచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు. "ఇప్పుడు నీ సాక్ష్యం ఇంకింత బలంగున్నది బ్రదర్," అన్నాడు ఒకాయన. పాస్టరు కూడా సంతోషపడ్డాడు. వచ్చే నెల జ్యోతినగర్‌లో పెద్ద కూడిక ఉంది, పవర్ ప్లాంటు ఇంజినీర్ల కుటుంబాలు వస్తాయి. "అక్కడ చెప్పాలె బ్రదర్. గా నంబరు సంగతి మర్చిపోవద్దు."

క్షమించేసినట్టే అనిపించింది. ఎవరిని, దేనికి అన్నది మాత్రం అతనికి అంతుపట్టలేదు. సిగ్గు పోవడం కోసం లేచిన మనిషి రెట్టింపు సిగ్గుతో కూర్చున్నాడు.

మధ్యాహ్నం తిండి తినకుండా లింగమూర్తి ఇంటికి పోయాడు. లింగమూర్తి అరుగు మీద ప్రచారంలో మిగిలిన కరపత్రాలను పురికొసతో కట్టలు కడుతున్నాడు. లింగమూర్తి భార్య సారక్క చాప మీద కూర్చుని, ఈసారి మేడారం జాతర నుంచి తెచ్చిన బెల్లం ముద్దను రోకలిబండతో కొట్టి ముక్కలు చేస్తోంది. ఎన్నికల హడావిడిలో పంచడం కుదరలేదు. పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు తమ వంతు తీసుకుని కళ్లకద్దుకుని పోయారు.

"రా తమ్మీ," అంది సారక్క. లేచి చాయ్ పెట్టింది. పళ్లెంలో రెండు బిస్కెట్లు తెచ్చి ముందు పెట్టింది. మళ్లీ బెల్లం ముందు కూర్చుంది.

"అన్నా, పొద్దున మందిరంల చెప్పిన. నీ పేరు చెప్పిన. నంబరు గూడ."

"ఆగయ్య భార్య మీ గుడికే వస్తది గదా. విన్న."

"ఆనాడు ఎవ్వలు లేరన్నది..."

"నాకెందుకు చెప్తున్నవ్‌రా?" లింగమూర్తి పురికొస ముడి పళ్లతో బిగించాడు. రెండు వేళ్లు లేని చెయ్యితో ముడి బిగవదు. "నేనక్కడ్నే ఉన్న గదా. రెండు జాగలల్ల ఉన్న."

కొమురెల్లి బిస్కెట్టు చాయ్‌లో ముంచాడు. అది విరిగి గ్లాసులో పడిపోయింది.

"జ్యోతినగర్‌ల గూడ చెప్పమన్నరట," అన్నాడు లింగమూర్తి. "చెప్పు. వేళ్ల కాడ జెర ఆగు, ఏడుస్తరు."

రోకలిబండ చప్పుడు ఆగింది. సారక్క ముక్కలను కాగితాల్లో పొట్లాలు కడుతోంది. ఇంటింటికీ ఒకటి. ఆ వరుసలో తన ఇంటికి లేదని కొమురెల్లికి లెక్కపెట్టకుండానే తెలిసింది.

"వదినె," అన్నాడు. "నాకు గూడ జెర పెట్టు."

సారక్క మొగుడి వైపు చూసింది. "మీరు తినరు గదా తమ్మీ. అప్పట్ల మీ అన్న తెచ్చింది రాజం కాక మేకలు తిన్నయి. తింటే తిన్నయి తియ్, అవి గూడ ప్రాణాలే."

పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లూ ఈ ఇంట్లో చాయ్ తాగాడు. ఒక్కనాడూ వీళ్లు ఆ మాట ఎత్తలేదు.

"ఇప్పుడు తింట," అన్నాడు. చెయ్యి చాచాడు.

సారక్క ఒక ముక్క తీసింది. పెట్టబోతుంటే లింగమూర్తి అన్నాడు, గొంతు పెంచకుండానే:

"పెట్టు, తింటడు. కాని కొమురెల్లి, తింటే తిన్ననని చెప్పాలె. జ్యోతినగర్‌ల, మైకుల. జమున ఉంటది, మీ అయ్యగారు ఉంటడు. సారక్క చేతి బెల్లం తిన్న అని చెప్పాలె. చెప్తవా?"

సారక్క ముక్క పట్టుకుని ఆగింది. చాచిన చెయ్యి కొంతసేపు అలాగే ఉంది. దానిలో ఐదు వేళ్లూ ఉన్నాయి. దీప పెళ్లి, మందిరం రిజిస్టరు, సమాధుల జాగా, జమున ముఖం, అన్నీ వరుసగా దాని మీదుగా పోయి ఉంటాయి.

తర్వాత ఆ చెయ్యి పళ్లెంలో మిగిలిన బిస్కెట్టు మీదికి పోయింది.